కౌలుదారును ఖాళీ చేయించే ముందు

కె.గంగవరం మండలంలోనూ చుట్టుపక్కల కోనసీమ చేలల్లోనూ వరి సాగు చేసేవారిలో చాలామంది కౌలు రైతులే. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాటగా అనుకుంటే కౌలు కుదిరినట్టే. కాగితం రాస్తే భూమి చేజారుతుందని ఆసాముల భయం.

ఆ భయానికి మూలం 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం. 1974లో సవరించిన ఈ చట్టం ప్రకారం కౌలు గడువు కనీసం ఆరేళ్లు. కౌలుదారు చనిపోతే ఆ హక్కు వారసులకు వెళ్తుంది. భూమి అమ్మదలిస్తే ముందు కౌలుదారునే అడగాలి. కానీ కాగితం లేనంత మాత్రాన యజమాని ఈ చట్టం నుంచి తప్పించుకోలేడు. మాట మీద కుదిరిన కౌలూ కౌలే. పైగా పద్దూ రసీదూ లేనిచోట బకాయి ఉందని రుజువు చేయడం ఆయనకే కష్టం.

కౌలు చెల్లించకపోవడం, భూమిని పాడుచేయడం, సాగుకు కాక వేరే పనికి వాడటం, ఇంకొకరికి కౌలుకివ్వడం, యజమాని హక్కునే కాదనడం వంటి కారణాలుంటేనే ఖాళీ చేయించవచ్చు. అదీ ఈ చట్టం కింద నియమించిన ప్రత్యేకాధికారి దగ్గర దరఖాస్తు పెట్టుకుని, ఆయన ఉత్తర్వుతోనే. దానిపై అప్పీలు జిల్లా జడ్జికి వెళ్తుంది.

యజమానులు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఈ దారి వదిలి సొంతంగా చేనులో దిగినప్పుడే. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, బలవంతంగా వెళ్లగొట్టబడిన వ్యక్తి ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. భూమి ఎవరిదన్న ప్రశ్న అక్కడ అడ్డురాదు. అద్దె ఇంటికి తాళం వేసి సామాను బయట పడేసిన యజమానికీ ఇదే వర్తిస్తుంది. నెలవారీ అద్దె ఇంటికైతే వేరే ఒప్పందం లేనప్పుడు 15 రోజుల నోటీసు ఇవ్వాలి, ఆపైన కోర్టుకు వెళ్లాలి.

నిలిచి ఉన్న పంటను దున్నేస్తే క్రిమినల్ కేసు కూడా పడుతుంది. కౌలుదారు దళితుడై, యజమాని ఎస్సీ, ఎస్టీ కాని వాడైతే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించవచ్చు. భూమిపై హక్కులు అనుభవించకుండా అడ్డుకోవడం, పంట నాశనం చేయడం దాని కింద నేరాలు. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. ముందస్తు బెయిలుకు చట్టమే అడ్డు చెబుతుంది. దళిత కౌలుదారులు ఎందరో ఉన్న కోనసీమలో ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు.

ఈ భయాలు తగ్గించడానికే 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. ఒప్పందం 11 నెలలకే. సాగుదారుకు హక్కు పంట మీదే తప్ప భూమి మీద ఉండదు. ఈ చట్టం కింద సాగుదారుకు ఇచ్చే హక్కు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. సంతకానికి ఇప్పటికీ వెనకాడేవారు ఎక్కువ. దానివల్ల సాగుదారుకు పంట రుణం, నష్టపరిహారం అందవు. యజమానికి కౌలు ఏ రోజున ముగుస్తుందో చూపే ఆధారం మిగలదు.