జారే రోగి, జారని నట్టు

డిప్లొమా రెండో ఏడాది పిల్లలకు మరల గురించి చెబుతున్నాను. పాఠం సగంలో వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, మా నానమ్మకని హాస్పిటల్ మంచం అద్దెకు తెచ్చాం. హ్యాండిల్ తిప్పితే తల వైపు లేస్తుంది. మధ్యలో వదిలేసినా అక్కడే ఆగిపోతుంది. దానికి లాకేమీ లేదు సార్. ఆమె బరువు మీదుండగా అది మళ్లీ కిందికి ఎందుకు దిగదు?" అన్నాడు. ఆ రోజు ఇక పుస్తకం తెరవలేదు.

ఆ మంచం మీరూ చూసే ఉంటారు. ఇనప గొట్టాల చట్రం, దానిమీద చిల్లులు పెట్టిన రేకు, పైన రెక్సిన్ పరుపు. కాళ్ల వైపు కింద మడిచిపెట్టిన హ్యాండిళ్లు ఒకటో రెండో ఉంటాయి. వాటిని మడవడం మరిచిపోయిన వార్డులో రాత్రిపూట నడిచినవాళ్ల మోకాలి చిప్పలకు ఆ మంచంతో ఇంకాస్త దగ్గరి పరిచయం ఉంటుంది. కోఠీలో సర్జికల్ షాపుకి వెళ్లి అడిగితే ఒక హ్యాండిల్ ఉన్నది 'సెమీ ఫౌలర్' అనీ, రెండు ఉన్నది 'ఫౌలర్' అనీ చెబుతారు. మొదటిది వీపునే లేపుతుంది, రెండోది మోకాళ్లనూ లేపుతుంది. ఈ రెండో హ్యాండిల్‌కి ఫౌలర్ పేరు రావడం నాకు కాస్త అన్యాయంగానే అనిపిస్తుంది. ఎందుకో చెబుతాను.

జార్జ్ రయర్సన్ ఫౌలర్ బ్రూక్లిన్‌లో సర్జన్. అపెండిక్స్ పగిలి పొట్టంతా చీము పట్టిన రోగిని బతికించడం ఆ కాలంలో చాలా కష్టం. యాంటీబయాటిక్స్ రావడానికి ఇంకా దశాబ్దాలు పడుతుంది. చీముని ఎలాగూ ఆపలేం, కనీసం అది ఎటు పారాలో మనం నిర్ణయిద్దాం అనుకున్నాడు ఫౌలర్. పొట్ట లోపలి పొర అంతటా ఒకేలా ఉండదు. ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం దగ్గర అది విషాన్ని చప్పున పీల్చి రక్తంలోకి పంపుతుంది. పొత్తికడుపు అడుగున ఆ పీల్చుడు నెమ్మది. రోగిని వెల్లకిలా పడుకోబెడితే చీము ఉదరవితానం దాకా పాకుతుంది, తలా మొండెం ఎత్తులో ఉంచితే అడుక్కి దిగుతుంది, అక్కడినుంచి గొట్టం పెట్టి తీసేయవచ్చు. 1900లో ఆయన ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే వరసగా తొమ్మిదిమంది కోలుకున్నారన్న మాట ఉంది. భంగిమ ఒక్కటే మందులా పనిచేసిందని చెప్పలేం, ఆపరేషనూ ఉంది, గొట్టమూ ఉంది. కానీ ఆ ఆలోచన సర్జన్లను బాగా ఆకట్టుకుంది.

అందుకు ఆయన చేసిందల్లా మంచం తల వైపు కాళ్లను ఎత్తడమే. అంటే మంచం మొత్తం ఒక వాలు బల్ల అయింది. వాలు బల్ల మీద పెట్టిన వస్తువు ఏంచేస్తుందో ఎనిమిదో తరగతి పిల్లలకీ తెలుసు. రోగి జారతాడు. తొడల కింద దిండ్లు పెట్టి, గుడ్డలు కట్టి ఆపాలి. గంటకోసారి నర్సులు చంకల కింద చేతులు వేసి పైకి లాగాలి. కడుపు కోసి కుట్టిన మనిషిని అలా లాగడం ఎంత బాధో వేరే చెప్పనక్కర్లేదు.

1909లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి యువ సర్జన్ విల్లిస్ గాచ్ ఈ చిక్కును మరోలా చూశాడు. అప్పటికి ఫౌలర్ చనిపోయి మూడేళ్లయింది. కాబట్టి వీళ్లిద్దరిదీ ముఖాముఖి పోటీ కాదు, ఒకరి పరిష్కారం తెచ్చిపెట్టిన సమస్యను ఇంకొకరు అందుకోవడం. గాచ్ మంచాన్ని ఎత్తలేదు, మడిచాడు. పడక చట్రాన్ని మూడు ముక్కలు చేసి, వీపు ఒక ముక్క మీద, తొడలు ఒక ముక్క మీద, పిక్కలు ఒక ముక్క మీద ఉండేలా కీళ్లు పెట్టాడు. వీపు ముక్క లేస్తుంది, తొడల ముక్క దానికి ఎదురుగా లేస్తుంది. మధ్యలో ఏర్పడిన లోయలో పిరుదులు కూర్చుంటాయి. కట్లూ లాగుళ్లూ అక్కర్లేదు, రోగిని అతని బరువే పట్టి ఉంచుతుంది.

లెక్క చూడండి. అరవై కిలోల మనిషిలో నడుముకి పైభాగం సుమారు ముప్ఫై కిలోలు అనుకుందాం. వీపు ముక్క 45 డిగ్రీలు లేస్తే అందులో 21 కిలోల బరువు పరుపు వెంబడి కిందికి తోస్తుంది. దుప్పటి రాపిడి కొంత ఆపుతుంది, రెక్సిన్ మీద ఆ దుప్పటే జారిపోతే అదీ ఆపదు. మిగిలిన తోపుడు పిరుదుల్ని కాళ్ల వైపు నెడుతుంది. ఎదురుగా తొడలు ఎత్తులో ఉంటే పిరుదులు ముందుకు పోవాలన్నా ఒక వాలు ఎక్కాలి. అందుకే అనుభవమున్న సిస్టర్ ముందు మోకాళ్ల హ్యాండిల్ తిప్పి, ఆ తర్వాతే వీపు లేపుతుంది. దించేటప్పుడు వీపు ముందు, మోకాళ్లు తర్వాత. ఇంట్లో మంచం తెచ్చుకున్నవాళ్లకు ఈ వరస ఎవరూ చెప్పరు. వాళ్లు వీపు ఒక్కటే లేపి, పెద్దాయన మాటిమాటికీ కిందికి జారిపోతున్నాడని విసుక్కుంటారు. అలాగని మోకాళ్లను రోజంతా ఎత్తి ఉంచకూడదు. మోకాలి మడతలో రక్తనాళాలు నొక్కుకుని, కాళ్లలో రక్తం నిలబడి గడ్డ కట్టే ముప్పుంది.

గాచ్ మడత వల్ల కూడా పూర్తిగా తీరని చిక్కు ఒకటుంది. మంచం మడతపడే కీలు పరుపు కింద ఉంటుంది, మనిషి మడతపడే తుంటి కీలు పరుపు పైన, ఒంటి లోపల ఉంటుంది. ఈ రెంటి మధ్య ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకోండి. రెండూ తిరిగే వృత్తాల కేంద్రాలు వేరు. వీపు ముక్క 45 డిగ్రీలు లేచేసరికి, వీపూ పరుపూ ఒకదానిమీద ఒకటి సుమారు 10 సెంటీమీటర్లు జరిగి ఉండాలి. చర్మం దుప్పటికి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, లోపలి ఎముక మాత్రం జరుగుతుంది. ఆ రెంటి మధ్య కండా సన్నని రక్తనాళాలూ సాగి నలుగుతాయి. వెన్ను అడుగున ఉండే త్రికాస్థి దగ్గర పడక పుండ్లకు ఇదొక ముఖ్యమైన కారణం. ఎక్కువకాలం మంచాన పడిన వాళ్లకు వీలైనంతవరకూ తల వైపు 30 డిగ్రీలు దాటించవద్దనే సలహా ఇందుకే. ఖరీదైన మంచాల్లో వీపు ముక్క లేస్తూ లేస్తూ కాస్త వెనక్కి కూడా జరుగుతుంది, ఆ తేడాను చాలావరకు మింగేస్తుంది. చేతి మంచంలో ఆ సదుపాయం లేదు. వీపు లేపాక మనిషిని ఒక్కసారి ముందుకు వంచి, వీపు పరుపుని వదిలేలా చేసి మళ్లీ ఆనించడమే దానికి మందు.

ఇక కుర్రాడి ప్రశ్నకు వద్దాం. మంచం కింద దూరి చూస్తే హ్యాండిల్‌కి అనుసంధానంగా పొడవాటి మరకడ్డీ కనిపిస్తుంది, దానిమీద ఒక నట్టు. కడ్డీ తిరుగుతుంది గానీ నట్టు తిరగకుండా దాన్ని పట్టి ఉంచుతారు. అందుకని అది కడ్డీ వెంట ముందుకో వెనక్కో జరుగుతుంది. జరుగుతూ ఒక మీటను లాగుతుంది, మీట వీపు ముక్కను లేపుతుంది.

మర అంటే కడ్డీకి చుట్టిన వాలు తలమే. నిటారు కొండను బస్సు నేరుగా ఎక్కలేదు, శ్రీశైలం ఘాట్ రోడ్డులా మలుపులు తిప్పి దూరం పెంచితే ఎక్కుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ మీద, ఒక్క చుట్టుకు నట్టు 4 మిల్లీమీటర్లు జరిగేలా మర కోశారనుకోండి. ఆ వాలు సుమారు 4 డిగ్రీలు. ఇనుము మీద ఇనుము, మధ్య కాస్త గ్రీజు ఉంటే ఘర్షణ గుణకం 0.15 దాకా ఉంటుంది. అంటే వాలు ఎనిమిదిన్నర డిగ్రీలు దాటితే గానీ వస్తువు దానంతటది జారదు. మన వాలు నాలుగే. రోగి బరువంతా నట్టుని వెనక్కి లాగినా, నట్టు ఆ వాలు మీద నుంచి దిగలేదు. లాక్ అంటూ వేరే ఏమీ లేదు, ఘర్షణే లాక్. పరుపు మీద రోగి జారడానికీ, పరుపు కింద నట్టు జారకపోవడానికీ సూత్రం ఒక్కటే. వాలు ఎంత, రాపిడి ఎంత అన్నదే ప్రశ్న. పైన వాలు గెలిచింది, కింద రాపిడి గెలిచింది. ఒకే మంచంలో రెండు జవాబులు! ఇది బోర్డు మీద పడ్డాక క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేనైతే చాలా సంబరపడ్డాను.

అయితే ఈ లాక్ ఊరికే రాదు. మనం పెట్టే శ్రమలో మూడింట రెండు వంతులు ఘర్షణే తినేస్తుంది. తనంతట తాను ఆగే ఏ మరకైనా సామర్థ్యం సగానికి మించదు, మించితే అది ఆగదు. అయినా చేతికి భారం తెలియదు. హ్యాండిల్ పొడవు 15 సెంటీమీటర్లయితే ఒక చుట్టులో చెయ్యి దాదాపు 94 సెంటీమీటర్లు తిరుగుతుంది, నట్టు 4 మిల్లీమీటర్లే జరుగుతుంది. ఘర్షణ వాటా పోగా బలం ఇంకా 75 రెట్లవుతుంది. నట్టు మీద వంద కిలోల లాగుడు పడినా చేతికి కిలోన్నర దాటదు. బదులుగా చుట్లు ఎక్కువ, పూర్తిగా లేపాలంటే నలభై పైచిలుకు. మొదటి చుట్లు బరువుగా ఉండి పోనుపోను తేలికవడం మీరు గమనించే ఉంటారు. పడుకున్నప్పుడు ఒంటి బరువంతా కీలుకి దూరంగా పనిచేస్తుంది, 60 డిగ్రీలకు లేచేసరికి ఆ దూరం సగమవుతుంది.

"చుట్లు తగ్గించడానికి మరను ఇంకా వాలుగా కోస్తే?" అని అడిగింది ముందు బెంచీ అమ్మాయి. చుట్టుకు 20 మిల్లీమీటర్లు జరిగేలా కోస్తే తొమ్మిది చుట్లలో పని అయిపోతుంది. కానీ వాలు పంతొమ్మిది డిగ్రీలు దాటుతుంది. చెయ్యి వదిలిన మరుక్షణం మంచం కూలుతుంది, హ్యాండిల్ గిర్రున తిరిగి వదిలినవాడి చేతినే కొడుతుంది. ఇంకో సంగతి. మర పొడిబారి కిర్రుమంటుంటే గ్రీజు రాయాలి, రాస్తే ఘర్షణ తగ్గుతుంది. గుణకం 0.1కి పడిపోయినా హద్దు ఐదున్నర డిగ్రీల పైనే ఉంటుంది, మన నాలుగు డిగ్రీల నట్టు ఇంకా నిలబడుతుంది. ఆ ఒకటిన్నర డిగ్రీల వెసులుబాటులోనే ఈ యంత్రం రూపకర్త తెలివి ఉందని నా నమ్మకం.

తర్వాతి చరిత్ర త్వరగానే చెప్పేయవచ్చు. చీముని పారించడానికి మొదలైన భంగిమ, యాంటీబయాటిక్స్ వచ్చాక కూడా పోలేదు. కూర్చున్నవాడి ఊపిరితిత్తుల మీద పొట్ట బరువు పడదని, గుండె నీరసించినవాళ్లకు అలా ఉంటేనే ఊపిరాడుతుందని వైద్యులు ఎరుగుదురు. 1999లో బార్సెలోనాలో వెంటిలేటర్ రోగుల మీద జరిపిన పరీక్షలో, వెల్లకిలా ఉంచినవాళ్లలో 34 శాతం మందికి న్యుమోనియా అనుమానం రాగా, 45 డిగ్రీలు లేపి ఉంచినవాళ్లలో 8 శాతానికే వచ్చింది. గాచ్ విషయానికొస్తే, ఆయన తర్వాతి కాలంలో ఇండియానా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలకు డీన్ అయ్యాడు. అమెరికా నర్సులు మోకాళ్ల మడతను ఇప్పటికీ 'గాచ్' అనే అంటారు, మన షాపుల్లో మాత్రం ఫౌలరే గెలిచాడు. ఆ తర్వాత మోటార్లూ రిమోట్లూ వచ్చాయి. మోటారు మంచంలో మోటారుకి తగిలించిన గొట్టం విప్పి చూస్తే చాలావాటి లోపల ఉండేది అదే మర, అదే నట్టు. చేతికి బదులు కరెంటు తిప్పుతుంది, అంతే.

ఒక్క చోట మాత్రం ఈ జారని గుణమే ఇబ్బంది పెడుతుంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నొక్కాలంటే వీపు చదునుగా ఉండాలి, అదీ క్షణాల్లో. నలభై చుట్లు వెనక్కి తిప్పేంత తీరిక అక్కడ ఉండదు. మోటారు మంచాల్లో ఇందుకోసం పక్కనే ఒక మీట పెడతారు. లాగితే వీపు ముక్కకీ నట్టుకీ ఉన్న లంకె ఊడి, ధబీమని పడకుండా కాస్త నెమ్మదిగా దిగుతుంది. మన వార్డుల్లో ఉండే మామూలు రెండు హ్యాండిళ్ల మంచాల్లో చాలావాటికి ఆ మీట లేదు. అక్కడ ఒకరు రోగి దగ్గరికి పరిగెడితే, ఇంకొకరు కాళ్ల వైపుకి పరిగెత్తి హ్యాండిల్ అందుకోవాల్సిందే.