అల్లిక వచ్చిన చేతులకు అమ్మకం నేర్పాలి

మేదర వృత్తికి శిక్షణతో పాటు సంత కూడా అవసరం

మచిలీపట్నం: కల్లంలో ధాన్యం ఎత్తే గంప, ఇంట్లో బియ్యం చెరిగే చేట, కాలువలో చేపలు పట్టే ఊత, పెండ్లికూతురిని మేనమామ తీసుకువచ్చే బుట్ట - ఇవి లేనిదే ఒకప్పుడు మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ పల్లెల్లో పని జరిగేది కాదు. మేదర్లు, ఎరుకలవారు వీటిని అల్లి ఊళ్లకు అందించేవారు.

కోత యంత్రం వచ్చి ధాన్యాన్ని నేరుగా ట్రాక్టరులో పోయడంతో కల్లం గంపకు పని తగ్గింది. మిగిలిన బేరాన్ని ప్లాస్టిక్ చేటలు, తొట్లు పట్టుకుపోయాయి. పెండ్లి బుట్టకు గిరాకీ ఉన్నా, ముహూర్తాలు ఏడాది పొడుగునా ఉండవు గదా!

ఐదు రోజుల విద్య కాదు

పచ్చి బొంగును నిలువునా చీల్చి, కత్తితో సమానమైన మందంలో పేళ్లు తీయడమే ఈ పనిలో అసలు నేర్పు. పేడు మందమైతే వంగదు, పలుచనైతే బరువు ఆపదు. ఒకే పేడుతో చుట్టూ అల్లుకువచ్చేటప్పుడు నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్య అయితే ప్రతి చుట్టులోను పేడు అవే బద్దలపై పడి అల్లిక బిగియదు. ఇవన్నీ పెద్దల ప్రక్కన కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకున్న విషయాలు.

పథకం ఇచ్చేది

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో బుట్టల అల్లిక ఒకటి. 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ, కోరినవారికి 15 రోజుల పైస్థాయి శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు ఇందులో ఉన్నాయి. తొలి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీపై, హామీ లేకుండా రుణం లభిస్తుంది. 18 ఏళ్లు నిండినవారు, కుటుంబానికి ఒక్కరు చొప్పున కామన్ సర్వీస్ సెంటర్లలో పేరు నమోదు చేసుకోవచ్చు.

ఇటువంటి శిక్షణ కొత్తదేమీ కాదు. గ్రామీణ యువత కోసం 1979లో మొదలైన ట్రైసెం 1999లో మరొక పథకంలో కలిసిపోయింది. నేర్చుకున్నవారు సరుకును ఎక్కడ అమ్ముకోవాలన్నది అప్పుడూ ప్రశ్నే, ఇప్పుడూ ప్రశ్నే.

నేర్పవలసినవి

గంప అల్లడం మేదరికి ఎవరూ నేర్పనక్కరలేదు. బొంగును కొన్ని వారాలు నీటిలో నానబెట్టి గాని, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో ఉంచి గాని పుచ్చకుండా కాపాడుకోవడం, కొలత తప్పకుండా ఒకే రకం వంద బుట్టలు చేయడం, పండ్ల బుట్టలు, దీపాల తొడుగులు వంటి కొత్త రకాలు తయారుచేయడం, తన కూలి కూడా లెక్కగట్టి ధర చెప్పడం నేర్పాలి.

వరిచేల డెల్టాలో బొంగును డబ్బిచ్చి కొనుక్కోవలసిందే. 2017లో చట్టం సవరించి అడవి వెలుపలి వెదురును చెట్ల జాబితానుంచి తొలగించారు. కాబట్టి తోటల గట్లపై రైతులు దానిని పెంచవచ్చు. కాలువలను మూసివేసే గుర్రపుడెక్క కాడలను ఎండబెట్టి అస్సాంలో బుట్టలు, సంచులు అల్లుతున్నారు. ఆ కాడకు ఇక్కడ కొదువ లేదు.

గుడివాడ, అవనిగడ్డ, మచిలీపట్నంలలో శిక్షణ తరగతులు నడిపి, చేయి తిరిగిన మేదరులనే గురువులుగా పెట్టాలి. రైతుబజార్లలోను, యాత్రికులు వచ్చే మోపిదేవి వంటి చోట్లను అమ్మకానికి స్థలం చూపాలి. అధికారులు ఈ దిశగా శ్రద్ధ వహిస్తేనే ఈ వృత్తి మరొక తరానికి కూడు పెట్టగలదు.