జపాన్‌లో చెత్త పారవేసే పద్ధతి
జపాన్‌లో కొత్తగా కాపురం పెట్టే విదేశీయుడు ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా స్థానిక పురపాలక కార్యాలయానికి వెళ్లి, ‘జైర్యూ కార్డు’ అనే నివాస గుర్తింపు కార్డు మీద చిరునామా నమోదు చేయించుకోవాలి. అయితే అతని దినచర్యను అంతకంటే ఎక్కువగా శాసించేది చాలాచోట్ల అక్కడే చేతికందే చెత్త క్యాలెండరు.

కాల్చదగినది, కాల్చరానిది, పునర్వినియోగానికి పనికొచ్చేది అంటూ చెత్తను వేరుచేసి, ఒక్కో రకాన్ని దానికి కేటాయించిన రోజునే, సాధారణంగా ఉదయం 8 గంటలలోపు, నిర్ణీత స్థలంలో పెట్టాలి. ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసాకే మూత తీసి, లేబుల్ ఒలిచి, లోపల కడగడమనే తతంగం ఉంది. పద్ధతి తప్పిన సంచిని బండివారు హెచ్చరిక చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు, అది ఇరుగుపొరుగు కంట పడుతుంది. జరిమానాకన్నా ఈ నామోషీకే జనం ఎక్కువ జంకుతారనిపిస్తుంది.

పరుపు, బల్ల వంటి ‘సొదాయ్ గోమి’కి, అంటే పెద్ద సామాన్లకు, ముందుగా కబురు చేసి, రుసుము స్టిక్కరు కొని అంటించాలి, టీవీ, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్లను మాత్రం 2001లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం రుసుము చెల్లించి విడిగా అప్పగించాలి. తొకుషిమా ప్రాంతంలోని కమికత్సు ఊరిలోనైతే చెత్త విభాగాలు 40 దాటాయి.

వీధుల్లో చెత్తబుట్టలు అరుదు. 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయు దాడి జరిగాక భద్రత కోసం చాలాచోట్ల వాటిని తొలగించారు, కనుక బయట తిన్న చిరుతిండి పొట్లాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం అక్కడ మామూలే.