చక్రాల ఇంటి నుంచి దిగిన తరువాత

మోటారు ఇల్లు అనగానే మన పాఠకులలో చాలామందికి అమెరికాలోని పిల్లలు పంపిన ఫొటోలు జ్ఞాపకం వస్తాయి. ఒక పెద్ద బండి. అందులోనే మంచం, పొయ్యి, స్నానాల గది. వెడల్పు ఎనిమిదిన్నర అడుగులకు మించదు. పొడవు పాతికో ముప్పయ్యో అడుగులు. అంటే సంసారమంతా ఇంచుమించు 250 చదరపుటడుగులలో సర్దుకోవాలన్నమాట. సెలవులకు వారం రోజులు అద్దెకు తీసుకునేవారి సంగతి అట్లా ఉంచుదాం. ఉద్యోగం చాలించి, ఉన్న ఇల్లు అమ్మివేసి, ఏళ్ళ తరబడి అందులోనే కాపురముండే దంపతులు కూడా ఆ దేశంలో ఉన్నారు.

ఇది మనకు బొత్తిగా కొత్త సంగతేమీ కాదు. అరక్కోణం చుట్టుపట్ల రైల్వే కుటుంబాలను అడిగి చూడండి. పట్టాలను సరిచేసే యంత్రాల మీద పనిచేసేవారికి క్యాంపు కోచే ఇల్లు. యంత్రం ఏ స్టేషనుకు పోతే ఆ స్టేషను సైడింగులోనే వంటా పడకా. తక్కినవారికి క్వార్టర్సు. క్వార్టర్సుకు చక్రాలు లేవు గాని, బదిలీ ఉత్తర్వు వచ్చిననాడు అదీ కాళ్ళకింద నుంచి కదిలిపోయేదే. ముప్పై అయిదేళ్ళు ఇట్లా గడిపినవారికి సొంత ఇల్లు అనేది పండుగలకు బంధువులు వచ్చినప్పుడు మాట్లాడుకునే మాటగానే ఉండిపోతుంది. ఉద్యోగ విరమణ రోజున పూలదండతోపాటు ఒక గడువు కూడా మెడలో పడుతుంది. క్వార్టర్సులో మామూలు అద్దెకు 4 నెలలు ఉండవచ్చును. జబ్బో, పిల్లల చదువో కారణం చూపితే మరి 4 నెలలు, రెట్టింపు అద్దె మీద. ఆపైన ఖాళీ చెయ్యవలసిందే. ఆ తొందరలో కొనే ఇళ్ళ గురించే మా బెంగ అంతా.

మోటారు ఇంటివారికి గడువు కాగితం మీద రాదు. మామూలుగా దంపతులలో ఒకరే బండి నడుపుతారు. ఆ ఒక్కరికీ చూపు మందగిస్తే, మోకాళ్ళు పట్టేస్తే, లేదా ఆ మనిషే పోతే, రెండవవారు ఆ బండిలో ఏం చేయగలరు? అమ్మేద్దామంటే ఏటేటా విలువ తరిగిపోయే వస్తువాయె. వెనుక అమ్మిన ఇంటి ధరేమో ఈలోగా అందనంత ఎత్తుకు పోయి ఉంటుంది. ఈ చిక్కు ఎస్కపీస్ అనే సంఘం వారికి బాగా తెలిసివచ్చింది. 1978లో ఏర్పడిన ఈ సంఘంలో సభ్యులందరూ ఇటువంటి బండ్లలో తిరిగేవారే. 1990 దశకంలో వీరు టెక్సాస్ రాష్ట్రంలోని లివింగ్‌స్టన్ అనే ఊళ్ళో ఒక కేంద్రం ఏర్పరచుకున్నారు. ఇక తిరగలేనివారు తమ బండిని అక్కడే నిలుపుకొని, అందులోనే ఉండవచ్చును. వేళకు భోజనం, పగటిపూట కనిపెట్టుకుని ఉండే మనుషులు, డాక్టరు దగ్గరికి తీసుకుపోయే వాహనం, వీటిని ఏర్పాటు చేశారు. సముద్ర దృశ్యమూ, ఉద్యానవనమూ కాదు, ఈ మూడూ! ఒంటరిగా మిగిలినవారికి ఏం కావాలో ఎరిగినవారు చేసిన పని అది.

ఇల్లు చూడబోయేటప్పుడు దంపతులు తమ ఇద్దరికీ ఏది బాగుంటుందని చూస్తారు. మేమనేది, ఇద్దరిలో ఒక్కరే మిగిలిననాడు ఆ ఇంట్లో ఉండగలరా అని చూడమని. అపశకునపు మాట అని కోప్పడకండి. తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జీవితం చూడండి. మైసూరు, కలకత్తా, వాల్తేరు, ఆక్స్‌ఫర్డు, కాశీ, మాస్కో, ఢిల్లీ. ఎక్కడ ఉద్యోగమైతే అక్కడ కాపురం. భార్య శివకాము గారు 1956లో పోయారు. 1967లో రాష్ట్రపతి భవనం విడిచినప్పుడు ఆయన మద్రాసు మైలాపూరులో తమ సొంత ఇంటికి వచ్చి, 1975లో కన్నుమూసేవరకు అక్కడే ఉన్నారు. అంత పెద్ద భవనం నుంచి దిగినవారికి కూడా దిగడానికి ఒక గడప సిద్ధంగా ఉండవలసి వచ్చింది.

ఇక మన రెండు ఊళ్ళ సంగతి. అరక్కోణంలోనో, చెన్నైలోనో పనిచేసి దిగిన తెలుగువారి చూపు తిరువళ్ళూరు మీదో, తిరుత్తణి మీదో పడడం సహజమే. 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు వేసిన దక్షిణ దేశపు మొదటి రైలుమార్గం తిరువళ్ళూరు మీదుగానే పోయింది. ఇప్పటికీ చెన్నై సెంట్రల్ నుంచి సుమారు 42 కిలోమీటర్లే. లోకల్ బండ్లకు కరువు లేదు. జిల్లా కేంద్రం కావడంచేత కచేరీలన్నీ అక్కడే. 2022 జనవరిలో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల కూడా అక్కడే ఉన్నది. తిరుత్తణి వెళ్ళాలంటే అరక్కోణం దాటి రేణిగుంట దారి పట్టాలి. అంతదూరం వచ్చే లోకల్ బండ్లు తక్కువ. అయితే తిరుత్తణిలో మాటకు కరువు లేదు. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరేవరకు ఆ తాలూకా చిత్తూరు జిల్లాలోనిదే గదా! కూరల అంగడిలో తెలుగులో బేరమాడవచ్చును. ఒంటరి మనిషికి ఇది చిన్న సౌఖ్యం కాదు. ఆసుపత్రిలో నొప్పి ఎక్కడో తన భాషలో చెప్పుకోగలగడం మందులో సగమే. ఈ ఒక్క కారణానికే మా ఓటు తిరుత్తణి వైపు మొగ్గుతున్నది. కాని గుండెజబ్బు ఉన్నవారిని మాత్రం తిరువళ్ళూరుకే పొమ్మంటాము.

గుడి పక్కన ఇల్లు కావాలని ముచ్చటపడేవారికి ఒక మాట. తిరుత్తణి కొండకు మెట్లు 365. పైదాకా బండ్ల దారి ఉన్నది గనుక దర్శనానికి భయం లేదు. కాని ఆడికృత్తికనాడూ, డిసెంబరు 31న మెట్ల పండుగ రాత్రీ కొండకింది వీధులలో కాలు పెట్టలేము. తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి కోవెల చుట్టూ ప్రతి అమావాస్యకూ అదే తంతు. ఆ రోజున అంబులెన్సు మీ వాకిటిదాకా రాగలదా? దేవుడికి నాలుగు వీధులు దూరంగా ఉన్నా ఆయన ఏమీ అనుకోడు.

ఇంటి విషయంలో చక్రాల ఇల్లు నేర్పిన పాఠాలు కొన్ని మంచివే. ఆ ఇంట్లో మేడ లేదు. పడక నుంచి స్నానాల గదికి నాలుగడుగులు. అక్కరలేని సామాను ఉంచుకోవడానికి చోటే లేదు. క్యాంపు కోచిలో ఒక పెట్టె, ఒక పరుపు చుట్టతో సంతోషంగా బతికిన మనిషే, దిగిన తరువాత పిల్లలు వస్తారని చెప్పి మేడమీద మూడు పడకగదులు కట్టిస్తాడు. పిల్లలు ఏడాదికి పది రోజులు వస్తారు. తక్కిన రోజులన్నీ ఆ గదులు ఊడ్చేది ఎవరు? నేలమీదనే రెండు గదులు, మూడడుగుల వెడల్పు తలుపులు, కూర్చుని లేవడానికి వీలైన కమోడు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, ఇంత చాలు.

చక్రాల ఇంటినుంచి నేర్చుకోకూడనిది దాని ఎత్తు మెట్టు. మన జిల్లాలో 2015 వరదల తరువాత ఇల్లు ఎత్తులో కట్టాలన్న పట్టుదల పెరిగింది; అది న్యాయమే. కాని చక్రాల కుర్చీ పోవడానికి వాలు కట్టాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. పునాది మూడడుగులైతే వాలు 36 అడుగులు! మామూలు ఇంటి స్థలంలో అది ఎక్కడ పడుతుంది? అందుచేత ఇల్లు ఎత్తుగా కట్టడం కన్న మెరక స్థలం వెతికి కొనడం మేలు. మంచి వాన కురిసిన మరునాడు వెళ్ళి స్థలం చూడండి; బ్రోకరు ఎండాకాలంలోనే చూపిస్తానంటాడు.

కాగితాల దగ్గర కొంచెం ఓపికగా చదవండి, ముఖ్యంగా స్త్రీలు. ఇల్లు ఆయన పేర ఉన్నది, ఆయన తరువాత నాదే గదా అని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. హిందువులకు 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం, భర్త వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితం భార్యకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ సమభాగాలుగా పోతుంది. ముగ్గురు పిల్లలుంటే ఆమెకు వచ్చేది ఇంటిలో నాలుగోవంతు. ఇద్దరి పేరా రిజిస్టరు చేయించినా ఆయన సగానికి ఇదే గతి. మందు సులభమే: ఒకరికొకరు వీలునామా రాసుకోవడం. స్టాంపు అక్కరలేదు, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్టరు చేయిస్తే మరీ మంచిది.

బతికి ఉండగానే పిల్లల పేర రాసివేసేవారు మరొక రకం. రాయక తప్పదనుకుంటే, ఇద్దరి జీవితకాలం ఇంట్లో ఉండే హక్కు మీకే ఉంచుకోండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, పోషించాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తి, పోషణ జరగకపోతే రద్దు చేయించుకోవచ్చును. ఆ షరతు ఉన్నదని చూపలేకపోతే సెక్షను పనిచేయదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరొక కేసులో ఈ చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలన్నది. కోర్టుల దాకా పోకుండా ఆ షరతును దస్తావేజులోనే రాయించండి. ఫిర్యాదు వినేది రెవెన్యూ డివిజనల్ ఆఫీసరు. ఆ కచేరీ తిరువళ్ళూరులోనూ ఉన్నది, తిరుత్తణిలోనూ ఉన్నది. తిరుత్తణిలో పాత ఇల్లు కొనేవారు 1960కి పూర్వపు దస్తావేజు తెలుగులో కనబడితే బెదరనక్కరలేదు. ఇప్పటి పట్టా తమిళంలో ఉంటుంది గనుక, రెండింటిలో పేర్లూ హద్దులూ సరిపోయినవో లేదో రెండు భాషలూ వచ్చిన మనిషిచేత చదివించుకోండి.

డబ్బు మాట క్లుప్తంగా. గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు మొత్తం ఇటుకలలో పెట్టకండి. ఇల్లున్నా చేతిలో రొక్కం లేనివారికోసం 2007 నుంచి ఒక పద్ధతి ఉన్నది: ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకే నెలనెలా డబ్బు ఇస్తుంది, దంపతులు ఇద్దరూ పోయేవరకు ఇల్లు వదలనక్కరలేదు. పిల్లలకు మిగలదేమోనని మనవాళ్ళు దానికి జంకుతారు. జంకనక్కరలేదని మా అభిప్రాయం.

కొనడానికి ముందు ఒక ఏడాది ఆ ఊళ్ళోనే అద్దెకు ఉండండి. ఎండాకాలమూ, వానాకాలమూ, ఉత్సవాలూ అన్నీ ఆ ఏడాదిలో తెలిసిపోతాయి. అందులో ఒక నెల ఇంటాయన ఏ కూతురింటికో పోయి ఉండాలి. ఇల్లాలు ఒక్కతే బ్యాంకుకూ, ఆసుపత్రికీ, స్టేషనుకూ వెళ్ళి రావాలి, కరెంటు బిల్లు కట్టాలి, మోటారు చెడితే మనిషిని పిలవాలి. మరొక నెల ఆమె పోవాలి; ఆయన ఒక్కడే వండుకొని తిని, తన మాత్రలు తానే గుర్తుంచుకొని వేసుకోవాలి. ఇద్దరూ తిరిగి వచ్చి, కాఫీ తాగుతూ ఏమేమి చేతకాలేదో చెప్పుకున్న తరువాత అడ్వాన్సు ఇవ్వండి.