పడమటి కడలిలో పొద్దు

మన ప్రబంధాలు చదివినవారికి ఒక చిత్రమైన సంగతి ఎప్పుడో ఒకప్పుడు తట్టే ఉంటుంది. తెలుగు కవులకు సూర్యుడు అస్తమించడానికి రెండే చోట్లు: ఒకటి చరమాద్రి, రెండవది పశ్చిమ సముద్రం. దండి చెప్పిన వర్ణనల పట్టికలో సూర్యోదయ చంద్రోదయాలకే పేరు పెట్టినాడు గాని అస్తమయానికి విడిగా పేరు పెట్టలేదు. అయినా మన కవులు దానిని విడువలేదు. సాయంకాలం రాగానే సూర్యుణ్ణి తీసుకొనిపోయి పడమటి కడలిలో ముంచినారు. ముంచినవారిలో ఆ కడలిని కంటితో చూచినవారు ఎందరు? ఇచ్ఛాపురం మొదలుకొని తడ వరకు మనకున్నదంతా తూర్పు తీరం. మన సముద్రంలో సూర్యుడు పుట్టడమే గాని క్రుంకడం లేదు. విశాఖలో పొద్దు కొండల చాటుకు పోతుంది. మా బందరు వైపు తాటిచెట్ల వెనుకకు పోతుంది. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున నిలుచుంటే కొవ్వూరు వైపు దిగిపోతుంది. అది నది మీది అందం. సముద్రం వేరు.

అయితే భాష మాత్రం సముద్రాన్ని మరచిపోలేదు. ‘పొద్దు క్రుంకింది’ అంటాం. క్రుంకడం అంటే నీట మునగడమే. ‘క్రుంకులిడు’ అంటే స్నానం చేయడం. పొలం గట్టున నిలుచుండి, ఎండిన చెరువు కేసి చూస్తూ కూడా మన రైతు పొద్దు క్రుంకిందనే అంటాడు. కన్నడిగులు సూర్యుడు ‘ముళుగినాడు’ అంటారు. అది మన ‘మునుగు’కు తోబుట్టువు. తరగతిలో ఈ మాటలు చెప్పినప్పుడల్లా పిల్లలు తలలూపుతారు. చెప్పే నేను కూడా ఏబదియేండ్లు దాటే వరకు మునిగే పొద్దును చూడలేదు.

చూడవలసిన అవసరం మా అక్కయ్య వల్ల కలిగింది. ఆమె ముప్పది సంవత్సరాలకు పైగా ఉన్నత పాఠశాలలో భూగోళం చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నది. కొంతకాలంగా ఆమె కంటికి గ్లకోమా వచ్చింది. మనవాళ్ళు దానిని నీటికాసులంటారు. ఈ జబ్బు చూపును మొదట అంచుల నుండి కొరుకుకొంటూ వస్తుంది. నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. పోయినది తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికి మందు చుక్కలు వేసుకోవాలి. మా అక్కయ్య తన స్థితిని పాఠం చెప్పినట్లే చెప్పింది: “గొట్టంలోంచి చూచినట్లుంటుందిరా. ఏనుగును చూపిస్తే తొండం చూస్తాను, తోక చూస్తాను. ఏనుగును చూడలేను.” ఆ మాట చెప్పిన రోజునే మరొకటి కూడా అన్నది. “అన్నేళ్ళు భూగోళం చెప్పినాను. పొద్దు నీళ్ళలోకి దిగడం చూడలేదు. ఒకసారి తీసుకొనిపో.”

సంక్రాంతి సెలవులలో ఇద్దరం బయలుదేరినాము. గుంటూరు నుండి హుబ్బళ్ళికి రైలు, అక్కడి నుండి యల్లాపురం మీదుగా బస్సు. సహ్యాద్రి దిగే ఘాటు రోడ్డు మలుపులలో అక్కయ్య కళ్ళు మూసుకొని కూర్చున్నది. గోకర్ణం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మహాబలేశ్వరుని దర్శనం చేసుకొని, దేవళం వీధి చివరనే ఉన్న సముద్రపుటొడ్డుకు నడిచినాము. ఊళ్ళో అప్పటికి పొద్దు గూకవలసిన వేళ. ఇక్కడ ఇంకా ఎండ మిగిలి ఉన్నది. “బందరుకూ దీనికీ రేఖాంశంలో దాదాపు ఏడు డిగ్రీల తేడా. డిగ్రీకి నాలుగు నిమిషాలు,” అన్నది అక్కయ్య. అరగంటకు కొంచెం తక్కువ. ఆరు గంటల ఇరవై నిమిషాలు దాటిన తర్వాతగాని సూర్యబింబం నీటిని తాకలేదు.

తాకినప్పుడు ఆమెకు కనిపించినదేమిటి? బింబం కనిపించింది. చూపు దించితే నురుగు కనిపించింది. పక్కకు తిప్పితే ఒక పడవ. మూడూ ఒక్కసారి కనిపించలేదు. “అన్నీ కలిపి ఒకచోట చూపించు,” అన్నది. దానికి ఉపాయం ఛాయాచిత్రం ఒక్కటే. చేతిలో పట్టేంత చిత్రాన్ని చాచిన చేతి దూరంలో పెట్టుకొంటే మొత్తం ఆమె గొట్టంలో ఇముడుతుంది. సముద్రాన్ని ఎంత దూరం జరిపినా ఇమడదు.

నా పూర్వవిద్యార్థి ఒకడు అరువిచ్చిన కెమేరా వెంట తెచ్చినాను. దానితో పాటు రెండు కటకాలు, ఒకటి 50 మిల్లీమీటర్లది, మరొకటి 200 మిల్లీమీటర్లది. తేనిది ముక్కాలి స్టాండు. ఇసుకలో దాని కాళ్ళు అలకొక అంగుళం దిగబడతాయని అతడే చెప్పినాడు. ఒక చేత్తో అక్కయ్యను నడిపించుకొంటూ రెండవ చేత్తో ఆ మోత నాకు సాధ్యం కాదు కూడా. ఇక చేతితో పట్టుకొని తీయడమే. చెప్పవలసినది ఇక్కడ ఒకటి ఉన్నది. నా కుడిచేయి వణుకుతుంది. మూడేండ్లుగా నల్లబల్ల మీద నా గుండ్రని అక్షరాలకు పళ్ళు మొలిచినవి. ప్రమాదమైన జబ్బు కాదని వైద్యుడన్నాడు. చేయి ఒడిలో ఉన్నప్పుడు ఊరుకొంటుంది. దేనినైనా పట్టి నిలిపినప్పుడు, ముఖ్యంగా చాచినప్పుడు, మొదలుపెడుతుంది. ఛాయాగ్రహణానికి ఇంతకంటే అనువుగాని చేయి దొరకదు.

మొదటి సాయంకాలం తీసినవి ఇరవైకి పైగా. ఒక్కటీ పనికి రాలేదు. ఒకదానిలో సూర్యుడు తెల్లని మచ్చ, ఆకాశం సున్నం కొట్టిన గోడ. మరొకదానిలో సూర్యుడు రెండు తలల గుమ్మడికాయ. ఆ రాత్రి సత్రంలో కూర్చుండి, విద్యార్థి వ్రాసి ఇచ్చిన కాగితాన్ని పరీక్షకు చదివినట్లు చదివినాను. విద్యార్థులు ఎవరైనా సెలవులకు పడమటి తీరం వెళ్ళేటట్లయితే పనికివస్తుందని అందులో నాకు బోధపడినంత వరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటిది, వేగం. చేతితో పట్టి తీసేవారికి ఒక పాత సూత్రం ఉన్నది: కటకం ఎన్ని మిల్లీమీటర్లదో, సెకనులో అన్నవ వంతుకంటే ఎక్కువసేపు షట్టరు తెరచి ఉండరాదు. 50కి సెకనులో 60వ వంతు, 200కు 250వ వంతు. ఇది వణకని చేతికి. నా వంటివాడు దానికి రెట్టింపో నాలుగింతలో వేగం పెట్టుకోవాలి. దిగుతున్న సూర్యుడికి ఆ వేగానికి చాలినంత వెలుగు ఉంటుంది. చిక్కంతా అతడు పోయిన తర్వాతనే.

రెండవది, కెమేరా తెలివి. చీకటిని చూస్తే వెలుగు పెంచుతుంది, వెలుగును చూస్తే తగ్గిస్తుంది, దేనినైనా ఒక నడిమి బూడిదరంగుకు లాగుతుంది. సూర్యుడికి ఎడంగా, కాని మరీ దూరం కాకుండా, ఉన్న ఆకాశాన్ని చూపించి కొలత తీసుకోవాలి. ఫోనులో కూడా అంతే: ఆకాశం మీద వేలు పెట్టి, వెలుగును కొంచెం కిందికి దించవలె. రంగుల విషయంలో దాని తెలివి మరీ అపాయం. అస్తమయపు ఎరుపును ఏదో పొరపాటనుకొని దిద్దుతుంది! తెల్లని కాగితం తెల్లగా కనిపించాలని దాని ఆశయం. కాబట్టి దిద్దవద్దని, పగటి వెలుగుకే కట్టుబడి ఉండమని ముందుగానే నిర్ణయించి పెట్టాలి.

మూడవది, సూర్యుడి పరిమాణం. ఇది చదివి నేను నమ్మలేదు, కొలిచి చూచుకొన్నాను. కంటికి ఇత్తడి తాంబాళం వలె కనిపించే సూర్యుడు ఆకాశంలో ఆక్రమించేది అర డిగ్రీకి పైన రవ్వంత. 50 మిల్లీమీటర్ల కటకం లోపల గీసే సూర్యుడు అర మిల్లీమీటరు. 200 దానికి రెండు మిల్లీమీటర్లు. ఎనిమిదంగుళాల వెడల్పున ప్రింటు వేయిస్తే, మొదటిది ఆవగింజకంటే కొంచెం పెద్దది, రెండవది చొక్కా గుండీ. తాంబాళం మన మనస్సులోదన్నమాట. పెద్ద కటకంతో తీసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. పొద్దు ఇంకా పైన, కళ్ళు మిరుమిట్లు గొలుపుతూ ఉన్నప్పుడు ఆ కటకంలోంచి కంటితో చూడరాదు. భూతద్దం కాగితాన్ని కాల్చినట్లే అది కన్నును కాలుస్తుంది. ఉపాధ్యాయులు పిల్లలను తీసుకొనిపోయినప్పుడు ఈ మాట ముందు చెప్పవలె.

ఇక చేయి. ఫోను పట్టుకొని చేతులు చాచడం నా వంటివారికి అన్నిటికంటే చెడ్డ భంగిమ. కెమేరాను కనుబొమకు గట్టిగా ఆనించి, మోచేతులు పక్కటెముకలకు అదిమితే వణుకు సగం చస్తుంది. ఇసుకలో కూర్చుండి మోకాళ్ళు పైకెత్తి వాటి మీద చేతులు ఆన్చితే ఇంకొంత. అయితే మోచేతి ఎముకను మోకాటి ఎముక మీద పెట్టరాదు, జారుతుంది. మోచేతికి పైని కండను ఆన్చాలి. ఊపిరి సగం వదలి, ఆగి, మీట నొక్కాలి. బొట్టు పెట్టినట్లు నొక్కాలి, కాలింగుబెల్లు నొక్కినట్లు కాదు. వరుసగా మూడు నాలుగు తీస్తే, నొక్కే కుదుపూ వదలే కుదుపూ లేని నడిమిది తరచు బాగుంటుంది.

రెండవ సాయంకాలం ఇవన్నీ మననం చేసుకొంటూ సిద్ధంగా కూర్చున్నాను. సూర్యుడు నీటికి రెండు వేళ్ళెత్తున ఉండగానే పొగమంచులో కరగిపోయినాడు. ఎర్రబడలేదు, మునగలేదు, చెరిపివేసినట్లు లేకపోయినాడు. అక్కయ్య నవ్వి, “హాజరు వేసి వెళ్ళిపోయినాడు,” అన్నది. మరునాటి రాత్రికి మా తిరుగు బస్సు.

మూడవనాడు ఆకాశం తేటగా ఉన్నది. నేరుగా పడమర కాక, బాగా దక్షిణానికి ఒరిగి దిగుతున్నాడు. జనవరి గదా. నడినెత్తిన ఉన్నప్పటికంటే దిగంతంలో ఉన్నప్పుడు అతడి వెలుగు సుమారు 38 రెట్ల గాలిని దాటి రావాలి. దారిలో నీలం చెదరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. చెదరడానికి లెక్క కట్టి 1871లో చెప్పినవాడు రేలీ. సముద్రపు నీలం కేవలం ఆకాశపు నీడ అన్న ఆయన మాటను 1921 సముద్రయానంలో శంకించి, నీరు కూడా వెలుగును చెదరగొడుతుందని చూపినవాడు చంద్రశేఖర వేంకటరామన్. ఆయన బాల్యం విశాఖపట్టణంలో గడచింది. ఆ సముద్రం మనదే గనుక ఈ మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోయినాను.

బింబం అడుగుభాగం చదునయింది. పై అంచుకంటే కింది అంచును గాలి ఎక్కువగా పైకి వంచి చూపుతుంది. అందువల్ల గుండ్రన పోయి, నిలువులో ఆరవ వంతు తగ్గి, అణచిన ఉండ్రాయి వలె అవుతుంది. నీటి అంచును తాకింది. ఆ క్షణాన అక్కయ్య నా చెవి దగ్గర అన్నది:

“నువ్వు తీస్తున్నది లేని సూర్యుణ్ణిరా.”

నిజమే. దిగంతం వద్ద గాలి వెలుగును వంచే కొలత సూర్యబింబపు వెడల్పు కంటే ఒక రవ్వ ఎక్కువ. అడుగు అంచు నీటిని తాకినట్లు మనకు కనిపించేవేళకు అసలు సూర్యుడు మొత్తం దిగంతం కిందికి పోయి ఉంటాడు. తొమ్మిదవ తరగతిలో ఈ పాఠం నాకు చెప్పినది ఆమెయే. అప్పుడు మార్కుల కోసం బట్టీపట్టినాను.

తాకినప్పటి నుండి పూర్తిగా మునిగే వరకు రెండున్నర నిమిషాలు కూడా పట్టలేదు. ఆ కొద్ది వ్యవధిలో 200 కటకంతో తొమ్మిది చిత్రాలు తీసినాను. చుట్టూ ఉన్న యువజనం కరతాళ ధ్వనులు చేసి, ఇసుక దులుపుకొని లేచిపోయినారు. నాటకం అయిపోయిందనుకొన్నారు. ఇటువంటి తొందర మంచిది కాదు. సూర్యుడు పోయిన తర్వాత ఇరవై నిమిషాలకు పైగా వెలుగు ఉంటుంది. ముందు బంగారం, తరువాత ఎరుపు, చివరకు పేరు పెట్టలేని ఒక ఊదా. వెనుకకు పోయిన అల వదలిన తడి ఇసుక అద్దమవుతుంది. ఆకాశం కాళ్ళ దగ్గరకు వస్తుంది.

అది తీయాలనుకొన్నాను. కటకం మార్చి చూస్తే, ఎంత కూర్చుకొన్నా షట్టరు సెకనులో 15వ వంతుకంటే తగ్గడం లేదు. నా చేతికి అది యుగం. మోకాళ్ళ మీద ఆన్చి తీసినవి మూడూ చెదరినవి. అక్కయ్యకు ఆ మసక వెలుగులో ఏమీ కనబడడం లేదు. కాని నా విసుగు వినబడింది. “నా భుజం మీద పెట్టుకో,” అన్నది. ఆమె ఇసుకలో కూర్చున్నది. నేను వెనుక మోకరించి, తువ్వాలు మడిచి ఆమె భుజం మీద వేసి, కెమేరా దాని మీద ఆన్చినాను. ఆమె ఊపిరితో సముద్రం పైకీ కిందికీ ఆడింది. “ఊపిరి బిగబట్టు” అన్నాను. బిగబట్టింది. ఒకటి, రెండు, మూడు. చిన్న తెరలో సరిగా వచ్చినదా లేదా అని నేను చూచుకొంటూ ఉండిపోయినాను.

“ఇక వదలమంటావా?” అన్నది, కొంతసేపటికి.

బందరు వచ్చిన తర్వాత రెండు ప్రింట్లు వేయించినాను. ఒకటి చొక్కా గుండీ అంత సూర్యుడిది, అంచులు కత్తిరించినట్లు తీరుగా వచ్చింది. నాకు నచ్చినది అదే. రెండవది భుజం మీది నుండి తీసినది. సూర్యుడు లేడు, తడి ఇసుక, ఒక అల గీత, నీరు, దాని పైన ఎరుపు. దానిని ఆమె చాచిన చేతి దూరంలో పట్టుకొని, మూల నుండి మూలకు చూచి, మళ్ళీ మొత్తంగా చూచింది. నేను వేచి ఉన్నాను.

“దిగంతరేఖ వంకర తీసినావు. సముద్రం ఎడమవైపు ఒలికిపోతున్నది,” అన్నది.

నా భాగమా నీ భుజం భాగమా అని వాదించబోయినాను. ఆమె వినిపించుకోకుండా రెండు చేతులతో ప్రింటును ఆ పక్కకు కొంచెం ఎత్తి, నీరు సమమయ్యేదాకా తిప్పి, అట్లాగే పట్టుకొని చూస్తూ కూర్చున్నది.