లెక్కలు వదిలేసే ముందు...

'మావాడు లెక్కల్లో కాస్త వీకండీ... బైపీసీలో చేర్చేద్దామనుకుంటున్నాం!'

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఏ జూనియర్ కాలేజీ ఆఫీసు ముందు నిలబడినా వినిపించే మాటే ఇది. చెప్పేది నాన్న. పక్కనే మార్కుల మెమో పట్టుకుని తలొంచుకున్న కొడుకు. వాడికి డాక్టరవ్వాలని ఉందా, మొక్కలన్నా జంతువులన్నా ఇష్టమేనా... ఎవరూ అడగరు. 'అందులో లెక్కలుండవు కదా' అన్నదొక్కటే ఆ గ్రూపులో వాళ్లకు కనిపించిన గొప్పదనం. పది నిమిషాల్లో ఫారం నింపేస్తారు. ఆ పది నిమిషాల ప్రభావం రెండేళ్ల తర్వాత, డిగ్రీ సీటు కోసం వెతికేటప్పుడు తెలుస్తుంది.

లెక్కలు లేకపోతే ఇంజినీరింగ్ రాదు, అంతేగా అనుకుంటారు చాలామంది. అక్కడితో ఆగితే బాగానే ఉండేది!

ఇంజినీరింగ్ ఒక్కటే కాదు

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ చదవాలంటే ప్లస్‌టూలో గణితం ఉండాలి. పేరుకు 'బీఏ'నే కానీ లోపలున్నదంతా గ్రాఫులూ సమీకరణాలే మరి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీ స్టాట్‌కీ అదే షరతు. ఇళ్లు, భవనాలు డిజైన్ చేసే ఆర్కిటెక్చర్ కోర్సుకీ అంతే. బొమ్మలు బాగా వేస్తాడని బీఆర్క్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుని నాలుక కరుచుకుంటారు.

సైన్యంలో చేరాలని కలలు కనే పిల్లలుంటారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో ఆర్మీ విభాగానికి ఇంటర్ ఏ గ్రూపైనా చాలు. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ చదివి ఉండాలి. ఆర్మీకి హెచ్ఈసీ చదివినా ఫర్వాలేదంటారు సరే, రాతపరీక్షలో 900 మార్కులకు 300 గణితానివే. అవి రాయకుండా తప్పించుకునే దారి లేదు.

ఇక సీఏ. లెక్కలంటే భయంతో సీఈసీలో చేరి, ఆపైన సీఏ అనుకునేవారు ఎక్కువ. సీఏ ఫౌండేషన్‌లో క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ అని 100 మార్కుల పేపరు ఎదురవుతుంది. బిజినెస్ మ్యాథమెటిక్స్, స్టాటిస్టిక్స్, లాజికల్ రీజనింగ్... అన్నీ అందులోనే. ఇంటర్లో ఎంఈసీ చదివినవాళ్లకు అది పాత చుట్టమే. సీఈసీ నుంచి వచ్చినవాళ్లు ఇంటర్లో వదిలేసిన లెక్కల్ని అప్పుడు కోచింగ్‌లో మొదలుపెట్టాలి.

చివరికి బైపీసీ తీసుకుని బీఫార్మసీలో చేరినా, మొదటి సెమిస్టర్‌లో 'రెమెడియల్ మ్యాథమెటిక్స్' అనే సబ్జెక్టు పలకరిస్తుంది. వదిలించుకున్నామనుకున్న లెక్కలు ఇలా చుట్టూ తిరిగి వస్తుంటాయి.

ఎంపీసీ పూర్తిచేసి మనసు మారినవాళ్లు లాకి వెళ్లొచ్చు, బీకాంలో చేరొచ్చు, బీఏ చదవొచ్చు. అటు నుంచి ఇటు రావడమే కష్టం. గ్రూపు ఎంచుకునేటప్పుడు ఇంట్లో అన్నిటికంటే ముందు మాట్లాడుకోవాల్సింది దీని గురించే. కానీ 'ఏ కాలేజీ, ఫీజెంత, హాస్టలా ఇల్లా' అన్నవాటికే పుణ్యకాలం గడిచిపోతుంది.

అలాగని తోసేయొద్దు

ఇదంతా చదివి రేపే పిల్లాణ్ని ఎంపీసీలో చేర్పించేయమని కాదు. లెక్కలంటే నిజంగానే మనసు పుట్టని పిల్లలకు ఆ రెండేళ్లు నరకం. తెలంగాణ ఇంటర్ విద్యార్థులు ఏళ్లుగా గణితాన్ని నాలుగు పేపర్లుగా చదువుతూ వచ్చారు. ఏడాదికి రెండు, ఒక్కోటి 75 మార్కులకు. మొదటి ఏడాది 1ఎలో మాత్రికలు, సదిశలు, త్రికోణమితి. 1బిలో సరళరేఖలు, అవకలనం. రెండో ఏడాది 2ఎలో సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత. 2బిలో వృత్తాలు, సమాకలనం. ఇవి నిచ్చెన మెట్లు. 1బిలో అవకలనం సరిగా రాకపోతే 2బిలో సమాకలనం అస్సలు కదలదు. మొదటి ఏడాది ఎలాగోలా గట్టెక్కితే రెండో ఏడాది చూసుకోవచ్చన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ప్రవేశ పరీక్షల్లోనూ దాని బరువు ఎక్కువే. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగంలో 160 మార్కులకు సరిగ్గా సగం, అంటే 80 గణితానివే. ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 40. పైగా తెలంగాణలో 2023 నుంచి ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కాబట్టి ర్యాంకు మొత్తం ఆ మూడు గంటల మీదే ఆధారపడి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో కొంత వెసులుబాటు వచ్చింది. 2025-26 నుంచి అక్కడి ఇంటర్ బోర్డు గణితాన్ని ఏడాదికి ఒకే 100 మార్కుల పేపరుగా మార్చింది. గణితం, జీవశాస్త్రం రెండూ చదువుకునే ఎంబైపీసీకీ వీలు కల్పించింది. ఎటూ తేల్చుకోలేని పిల్లలకు మంచి కబురే. మోయాల్సిన బరువు కూడా అంతకంతా పెరుగుతుందని మరవకూడదు.

సీబీఎస్ఈ వాళ్లకు ముందే...

సీబీఎస్ఈ బడుల్లో ఈ నిర్ణయం ఇంకా ముందే తీసుకోవాలి. 2020 బోర్డు పరీక్షల నుంచి అక్కడ పదో తరగతి గణితం రెండు రకాలు... స్టాండర్డ్, బేసిక్. పుస్తకం ఒకటే, క్లాసులో పాఠం ఒకటే. ప్రశ్నపత్రం మాత్రమే వేరు. బేసిక్ కాస్త తేలిక. 'మార్కులు బాగా వస్తాయి కదా' అని అటు మొగ్గుతుంటారు. నిబంధన ప్రకారం బేసిక్ రాసినవాళ్లకు పదకొండులో గణితం ఇవ్వరు, అప్లైడ్ మ్యాథమెటిక్స్ మాత్రమే తీసుకోవాలి. కోవిడ్ కాలంలో మొదలుపెట్టి బోర్డు దీన్ని సడలిస్తూ వచ్చింది. సడలింపును నమ్ముకుని ఫారం నింపేకంటే, ఈ ఏడాది పరిస్థితేంటో స్కూల్లో ముందే అడిగి తెలుసుకోవడం మేలు. అప్లైడ్ మ్యాథ్స్ చిన్నదేమీ కాదు, కామర్స్, ఎకనామిక్స్ వైపు వెళ్లేవాళ్లకు చక్కగా ఉపయోగపడుతుంది. ఇంజినీరింగ్ ఆలోచన ఏ మూలనున్నా మాత్రం అది సరిపోదు.

వీక్ అంటే ఎక్కడ?

అసలు 'లెక్కల్లో వీక్' అన్న మాటను ఎవరూ విడదీసి చూడరు. పదో తరగతి పిల్లాడు త్రికోణమితి దగ్గర తడబడుతున్నాడంటే తప్పు త్రికోణమితిది కాకపోవచ్చు. ఏడో తరగతిలో భిన్నాలు సరిగా రాలేదేమో. ఎనిమిదిలో జ్వరమొచ్చి బడి మానేసిన నెలలోనే బీజగణితం పాఠం అయిపోయిందేమో. పాత నోట్సు తిరగేసి, నాలుగైదు కింది తరగతి లెక్కలు ఇచ్చి చూస్తే గంటలో తెలిసిపోతుంది. అలాంటి లోటును పూడ్చడానికి నెలలు పట్టొచ్చు కానీ, పూడ్చడం సాధ్యమే. లెక్క వచ్చినా విసుగ్గా ఉందని పిల్లాడే చెబితే... అది వేరే సంగతి, ఆ మాట వినాలి.

ఈ పరీక్ష పెట్టడానికి తొమ్మిదో తరగతి దసరా సెలవులకు మించిన సమయం లేదు. పదికి వచ్చాక స్లిప్ టెస్టులు, ప్రీ-ఫైనళ్లే సరిపోతాయి.

ఎంపీసీ ఖాయం చేసుకున్నవాళ్లకు ఇంకో సెలవుంది... పది పరీక్షలకీ ఇంటర్ తరగతులకీ మధ్య వేసవి. కాలేజీ తెరిచిన కొద్దిరోజులకే ఫిజిక్స్ లెక్చరర్ బోర్డు మీద బాణం గుర్తు గీసి 'ఇది వెక్టర్' అంటారు, వేగం చెబుతూ అవకలనం వాడేస్తారు. లెక్కల లెక్చరర్ అవకలనం దాకా రావడానికి ఇంకా నెలలుంటుంది. చాలామంది పిల్లలు తమకు ఫిజిక్స్ రాదని అనుకునేది ఆ మధ్యకాలంలోనే. వేసవిలో రోజుకో గంట త్రికోణమితి, నిరూపక జ్యామితి మళ్లీ చేసుకుని, వెక్టర్ల మొదటి పాఠం అక్క పుస్తకంలోంచో అన్న పుస్తకంలోంచో చదువుకుని వెళ్లినవాళ్లు ఆ బాణం గుర్తు చూసి బెదరరు.