భుజాలే కాళ్ళయినప్పుడు

చింతకాయలు దులిపే రోజుల్లో పుంగనూరు, కుప్పం పల్లెల్లో కొమ్మెక్కినవాడు జారితే మొదట భయపడాల్సింది నడుం గురించి. ఎముక విరిగితే అతుక్కుంటుంది. వెన్నుపూసల మధ్య చిటికెన వేలంత లావుండే వెన్నుపాము నలిగితే, దెబ్బ తగిలిన చోటికి దిగువన మెదడు మాట చెల్లదు. మెడలో అయితే చేతులు కూడా, నడుం పైన అయితే కాళ్ళు. పడినవాణ్ణి కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తకుండా, మెడ కదలనీయక చెక్క మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాలి.

నడక గురించి అందరూ అడుగుతారు. మూత్రసంచి మీదా పట్టు పోతుంది, దాని గురించి ఎవరూ అడగరు. పనిలోకి వెళ్ళాలంటే ముందు తేలాల్సింది అదే. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో ఖాళీ చేసుకోవడం చేతనైతే ఇల్లు కదలొచ్చు.

ఆ పైన భారమంతా భుజాలదే. మంచం అంచుకు జరిగి, ముందుకు వంగి, అరచేతులు ఊని, పిరుదులు లేపి చక్రాల కుర్చీలోకి మారాలి. రోజులో ఎన్నిసార్లో లెక్కుండదు. భుజం చేతిని నలువైపులా తిప్పడానికి అమిరిన కీలు, ఒళ్ళంతా మోయడానికి కాదు. అందుకే వ్యాయామమంటే కండలు చూపించడం కాదు. చక్రం తోసి తోసి ఛాతీ కండలు బిగుస్తాయి గనుక, కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి వెనక్కి లాగి వీపు కండలు పెంచాలి. వారానికి రెండుసార్లు కనీసం 20 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా కసరత్తు, దానికి తోడు కండలకు పని: 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అడిగిన కనీసం ఇది. మెడ దగ్గర దెబ్బతిన్నవాళ్ళకు ఒంటికి చెమట సరిగా పట్టదు. వేసవిలో వాళ్ళు కసరత్తు తెల్లవారుజామునే ముగించుకోవాలి.

పనికి అసలు అడ్డు కూర్చోవడమే. స్పర్శ లేని చర్మం నొప్పని చెప్పదు, చప్పుడు లేకుండా పుండు పడుతుంది. అరగంట కాకముందే ముందుకో పక్కకో వాలి, ఒకటి రెండు నిమిషాలు బరువు తప్పించాలి. చేతిలో పని మంచి ఊపులో ఉన్నప్పుడే అది గుర్తురాదు.

ఇన్ని జాగ్రత్తల మధ్యా పని చేసినవాళ్ళున్నారు. వేలూరు సీఎంసీ ఆసుపత్రి డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారామె. నిలబడి చేసే శస్త్రచికిత్సలు చాలా ఉన్నా, బల్ల దగ్గర కూర్చుని చేయగలిగిన దాన్ని ఎంచుకున్నారు. న్యూయార్క్‌లో పునరావాస వైద్యం నేర్చుకొచ్చాక, 1966లో వేలూరులో తెరిచిన పునరావాస కేంద్రానికి ఆమే మూలం. పుంగనూరు, కుప్పం, మదనపల్లెలకు వేలూరు దూరం కాదు.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయకూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టు నేసేవాడికి ఆ దన్ను లేదు. మగ్గం గుంటలో తొక్కడానికి కాళ్ళే కావాలి. కండెలు చుట్టడానికైతే చేతులు చాలు. కూలి మాత్రం నేతకొచ్చినంత రాదు.